గాలికి ఆదివారం సెలవు

మార్చి 3, సోమవారం

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా నిలబడే వచ్చాను. సంచిలో నా పరికరాలకు కరెంటిచ్చే కారు బ్యాటరీ. కండక్టర్ దానికీ టికెట్ కొట్టాడు.

సంజీవయ్యగారి మిరపచేను గట్టు మీద మూడు రేగుపొదలు. వాటి వేర్లలో సూదులు గుచ్చి, నీరు ఎంత వేగంగా పైకి పోతోందో కొలవడం, ఎందుకు పోతోందో తేల్చడం నా పీహెచ్‌డీ. సూదులకు ఎండ తగలకుండా ఫిబ్రవరిలోనే రేకు చుట్టి గుడ్డతో కట్టాను. ఫెలోషిప్ ఈ నెలాఖరుతో సరి. ఈ చాప్టర్ ఇవ్వకపోతే నాలుగేళ్లూ బూడిదలో పోసిన పన్నీరే.

మార్చి 11, మంగళవారం

ఫిబ్రవరి నుంచి వచ్చిన డేటా మొత్తం చూశాను. సాయంత్రం ఐదున్నరకు వేర్లలో నీరు జోరందుకుంటోంది. ఎండ తగ్గాక అదీ తగ్గాలి కదా! సరిగ్గా అప్పుడే నల్లమల వైపు నుంచి గాలి లేస్తుంది. గ్రాఫ్ చూసి మా గైడ్ గిరీశ్ సార్ బాగుందన్నారు. నాలుగేళ్లలో మొదటిసారి. గాలే కారణమని రాసెయ్యమన్నారు.

రాసేశాను. ఇరవై రెండు పేజీలు.

మార్చి 17, సోమవారం

ఆదివారాలు గ్రాఫ్ లేవడం లేదు. ఒక్క ఆదివారం కూడా.

గాలికి సెలవుంటుందా?

మార్చి 18, మంగళవారం

సార్‌ను అడిగాను. అది నాయిస్, అర్థం లేని తేడా, ఆదివారాలు తీసెయ్ అన్నారు. తీసేశాను. మళ్లీ పెట్టాను. మళ్లీ తీశాను.

మార్చి 20, గురువారం, సా. 5.40

గట్టు మీదే కూర్చున్నాను. మిరపకాయలు కోసే ముఠా పని ముగించి వచ్చింది. మేస్త్రి రామసుబ్బమ్మ తన బిందెలో మిగిలిన నీళ్లు మొదటి పొదకు పోసింది. వెనకాల ఆడవాళ్లంతా బాటిళ్లు మిగతా రెండింటి మొదట్లో వంచారు.

ఎందుకని అడిగాను.

“చేనికి తెచ్చిన నీళ్లు ఇంటికి ఎత్తకపోగూడదు పాపా. ఊరికే పారబోయనూ గూడదు. ఈటికి సూదులు గుచ్చినారు, కట్లు గట్టినారు, జబ్బు చెట్లేమో అనుకొంటి. అందుకే ఈటికే పోస్తాండాం.”

ఆదివారం ముఠాలో సగం మందికి చర్చి. ఆ రోజు కోత లేదు, నీళ్లూ లేవు.

నేలలో తడిని కొలిచే సెన్సర్‌ను ఎవరైనా తొక్కుతారేమోనని గట్టు కింద దూరంగా పెట్టింది నేనే. దానికి తెలియలేదు. నాకూ తెలియలేదు. ఏడుపొచ్చింది.

మార్చి 21, శుక్రవారం

వారం రోజులు పోయొద్దని బతిమాలాను. నేనేదో రోగికి మంచినీళ్లు ఇవ్వొద్దన్నట్టు చూసింది రామసుబ్బమ్మ. సరేనంది.

మార్చి 27, గురువారం

గాలి రోజూ వీస్తూనే ఉంది. గ్రాఫ్ లేవలేదు. పొదల ఆకు రాలుతోంది.

సార్‌కు ఫోన్ చేశాను. పాత డేటాతో ఇచ్చెయ్, బిందె సంగతి ఎవరికి తెలుసు అన్నారు. చాలా సేపు ఆలోచించాను. అలసిపోయిన మనిషికి అది మంచి సలహాలాగే అనిపించింది.

మార్చి 29, శనివారం

ఇరవై రెండు పేజీలూ తీసేశాను. ఉన్నది ఉన్నట్టు సార్‌కు మెయిల్ పెట్టాను. జవాబు లేదు.

మార్చి 31, సోమవారం, సా. 5.35

ఆఖరి రోజు. ముఠా ఇంకా గట్టు మీదికి రాలేదు. సూదులు పీకాలి. బాటిల్లో సగం నీళ్లు మిగిలాయి. నంద్యాలకు ఎత్తుకుపోలేదు.

గ్రాఫ్ లేచింది.

కారణం: నేను.