నా గురించి చెప్పేవాళ్లు

సూర్యాపేట,
మంగళవారం.

కరుణకు,

నిన్న ఉదయం పదకొండు గంటలకు, పెద్దవాళ్ల జ్ఞాపకశక్తి మీద ఇక్కడ జరుగుతున్న అధ్యయనంలో నా పేరు రాసుకున్నారు. వార్త రాయడానికి వెళ్లినవాణ్ని పరీక్షకు కూర్చున్నాను. ముందు ఈ మాట చెప్పకుండా క్షేమ సమాచారాలు రాయడం నాకు చేతకాలేదు.

మిగతా అంతా క్షేమమే. అఖిల్ ఆదివారం ఫోన్ చేశాడు, వాడూ కోడలూ బాగున్నారు. పరీక్ష సంగతి వాడికి చెప్పలేదు. నీ మోకాలి నొప్పి ఎలా ఉందో, నైట్ డ్యూటీలు తగ్గించారో లేదో రాయి. ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. నేను ఒక మాట చెప్పేలోపు నువ్వు నర్సువై పది ప్రశ్నలు వేస్తావు. అందుకే ఉత్తరం.

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి బాగు చేయించాను. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. కరివేపాకు మొక్క మళ్లీ చిగురు వేసింది. క్రిస్మస్ నక్షత్రం ఇంకా వరండాలోనే ఉందా అని అడిగావు. ఉంది. తీయడం మరిచిపోయి కాదు. సాయంత్రం దాన్ని వెలిగించి వీధిలో కాసేపు తిరిగి వస్తే, దూరం నుంచి ఇంట్లో నువ్వున్నట్టు కనిపిస్తుంది. ఈస్టర్‌కు ఎందుకు రాలేదో నిజం చెప్పమన్నావు. దానికి చివర జవాబిస్తాను.

ఈ అధ్యయనం చేస్తున్న డాక్టర్లు హైదరాబాదు నుంచి వచ్చారు. మతిమరుపు వస్తోందని చెప్పుకునే పెద్దవాళ్లలో అందరికీ డిమెన్షియా రాదట. కొందరికే వస్తుంది. ఆ కొందరిని ముందే గుర్తించగలమా అన్నది వాళ్ల ప్రశ్న. అందుకని అరవై దాటినవాళ్లను పరీక్షించి, కొన్నేళ్లపాటు మళ్లీ మళ్లీ కలుస్తారు. మనిషిని అడగడంతో ఆగరు. అతనితో కలిసి బతుకుతున్నవాళ్లను విడిగా కూర్చోబెట్టి అడుగుతారు. పదేళ్ల కింద ఎలా ఉండేవాడు, ఇప్పుడెలా ఉన్నాడు అని. ఒక్కరి మాట మీద వార్త రాయొద్దని కొత్తగా చేరిన విలేకరులకు నేను చెప్పేవాణ్ని, గుర్తుందా? వీళ్లదీ అదే పద్ధతి.

పోయిన వారం వాళ్లతో గరిడేపల్లి వెళ్లాను. ప్రశ్నలు అడిగే అమ్మాయి లతది ఇక్కడి హాలియా ఊరే. గొర్లు కాసే బీరన్న ఇంట్లో కూర్చున్నాం. ఈ పేర్లు పేపర్లో రాయను, నీకు మాత్రమే. బీరన్న తనకు ఏ మరుపూ లేదన్నాడు. పక్కనున్న భార్య ఐలమ్మ నవ్వింది.

"గీయనకు మరుపేంది బిడ్డా? పెండ్లిల మా అన్న పెట్టకపోయిన కడియం ఇంకా యాదికున్నది."

బీరన్న కూడా నవ్వి, బీడీ కోసం బయటికి వెళ్లాడు. అతను వాకిలి దాటాక లత ప్రశ్నలు మొదలుపెట్టింది. ఐలమ్మ కొంగు సర్దుకుని, గొంతు తగ్గించి చెప్పింది.

"నాలుగు నెలల సంది ఆయన జీవాలను తోలుకపోతె నేను ఎన్కనే పోతున్న. వాగు దాటినంక తొవ్వ తప్పుతున్నడు. కట్టెల కోసమని చెప్త. నేనొచ్చేది ఆయన కోసమని ఆయనకు తెల్వదు."

వయసు, ఊరు, తేదీ రాసుకున్నాను. ఆ తర్వాత నా పుస్తకంలో ఏమీ రాయలేకపోయాను. తిరుగు దారిలో, నాకూ ఈమధ్య మరుపు వస్తోందని లతతో అన్నాను. సోమవారం రమ్మంది.

పదాలు చెప్పి, కాసేపయ్యాక మళ్లీ చెప్పమన్నారు. గడియారం బొమ్మ వేయించారు. నా వయసుకు, చదువుకు సరిపడా మార్కులే వచ్చాయని లత చెప్పింది. తర్వాత మీతో ఇంట్లో ఉండేదెవరు అని అడిగింది. ఎవరూ లేరన్నాను. మా ఆవిడ పదకొండేళ్లుగా వేలూరు దగ్గర మిషన్ దవాఖానలో నర్సు, సెలవులకు వస్తుందని చెప్పాను. పోనీ రోజూ చూసేవాళ్లెవరని అడిగితే, మా ఫొటోగ్రాఫర్ రాందాస్ పేరు చెప్పాను. ప్రశ్నలకు సరిపోతాడో లేదో చూడటానికి నా ముందే అతన్ని పిలిచి ఒక మాట అడిగింది.

"సారు అప్పుడూ బండి తాళం మరిచేది, ఇప్పుడూ మరుస్తున్నడు. నేనేం చెప్పాలె మేడం?" అన్నాడు.

నేను రెండుపూటలా తినే మెస్ బాలనర్సమ్మకు ఫోన్ చేసింది. ఆమె జవాబు స్పీకర్లో నాక్కూడా వినిపించింది.

"సారు తల వంచుకొని పేపర్ సదువుకుంట తింటడు బిడ్డా. ఆయన మొకం నేను సరిగ సూసిందే లేదు."

అందరం నవ్వాం. లత కాగితాలు సర్దుకుని అన్నది:

"వీళ్లు మీ పని సూసినోళ్లు సార్. మిమ్మల్ని సూసినోళ్లు కావాలె. మేడం ఎప్పుడొస్తరు?"

ఇక ఈస్టర్ సంగతి. వార్తల పని పడిందని ఫోన్లో చెప్పాను. అది నిజం కాదు. గుడ్ ఫ్రైడే ఆరాధన అయ్యాక సంచి సర్దుకుని, మిర్యాలగూడలో నీ దగ్గరికి వచ్చే రైలు ఎక్కాలని బస్టాండుకు వెళ్లాను. ఆ తర్వాత నాకు తెలిసిందల్లా, కోదాడ బస్టాండులో నిలబడి ఉన్నానని. ఎందుకు వచ్చానో తెలియలేదు. సోడా అమ్మే ఆయన నన్ను కాసేపు చూసి, "ఏ ఊరెళ్లాలండీ? ఇందాకట్నించీ సంచి దించకుండా నిలబడ్డారు" అన్నాడు. జేబులో టికెట్ తీసి చూశాను. కోదాడకే ఉంది. అంటే నేనే అడిగి తీసుకున్నాను. సంచి తెరిచాను. నీకోసం బాలనర్సమ్మ పెట్టిన చింతకాయ పచ్చడి, నువ్వు తెమ్మన్న పాత కళ్లద్దాలు కనిపించాయి. వాటిని చూశాక నువ్వు గుర్తొచ్చావు. అప్పటికి రైలు వెళ్లిపోయింది.

వార్తల కోసం ఏళ్ల తరబడి కోదాడ బస్సు ఎక్కినవాణ్ని, అలవాటుగా ఎక్కి ఉంటానని నాకు నేను చెప్పుకున్నాను. పెళ్లయిన కొత్తలో గరిడేపల్లి చౌరస్తాలో నిన్ను టీ కొట్టు బెంచీ మీద కూర్చోబెట్టి, మఠంపల్లి దగ్గర ప్రమాదం జరిగిందని తెలిసి లారీ ఎక్కి వెళ్లిపోయాను. చీకటిపడ్డాక వచ్చాను. ఇంటికి చుట్టాలు వస్తే ఆ కథ చెప్పి నవ్విస్తావు. ఆ రోజు నా ధ్యాస వార్త మీద ఉంది. కోదాడలో నా ధ్యాస ఎక్కడా లేదు. ఈ రెండు మరుపులూ ఒకటేనా, వేరా? లత అడగబోయేది అదే. రెండు కాలాల్లోనూ నన్ను చూసిన మనిషివి నువ్వొక్కదానివే. మధ్యలో పదకొండేళ్లు సెలవుల్లోనే చూశావు. అయినా నీకన్నా తెలిసినవాళ్లు నాకు లేరు. ఈ మాట నీకు ఎప్పుడో చెప్పి ఉండాల్సింది.

నువ్వు జవాబులు చెప్పేటప్పుడు నన్ను బయట కూర్చోబెడతారు. ఏం చెప్పావో తర్వాత నాకు చూపించరు. నేను బాధపడతానని తగ్గించి చెప్పకు. దాచిపెట్టి మాట్లాడే రోగుల బంధువుల మీద నువ్వెంత విసుక్కుంటావో నాకు తెలుసు.

నువ్వు రాసిన సెలవు ప్రకారం వచ్చే గురువారం తెల్లవారుజామున నీ రైలు మిర్యాలగూడ వస్తుంది. శుక్రవారం పది గంటలకు లత మన ఇంటికి వస్తుంది. నేను బుధవారం సాయంత్రం బస్సుకే బయల్దేరి రాత్రి మిర్యాలగూడలో ఉంటాను. రాందాస్‌ను కూడా అదే బస్సు ఎక్కి నా వెనక సీట్లో కూర్చోమన్నాను. టికెట్ నేనే అడుగుతాను. అతను వింటాడు.

ఇట్లు,
నీ దారి చూస్తూ,
అఖిల్ నాన్న
సత్యానందం