అడకత్తెరకు అంటిన తెల్లపొడి

కోయిలకుంట్ల,
11-8-2025, సోమవారం.

చిరంజీవి మహేశ్వరికి నాన్న ఆశీర్వదించి రాయునది. ఈడ అందరం క్షేమం. ఐదేళ్లుగా అలవాటుకొద్దీ రాసిన ఈ మాట ఈరోజు గుండెనిండా రాస్తున్నాను తల్లీ!

మొన్న కర్నూలులో డాక్టరమ్మ మీ అమ్మ స్కానింగు చూసి, రొమ్ములో గడ్డ జాడే లేదు, ఐదేళ్లు నిండినాయి, ఇక మాత్రలు ఆపేయొచ్చు అంది. ఆడనే ఆమెకు దండం పెట్టేసినాను. ఆ గడ్డ ఒంట్లోని హార్మోను తిని పెరుగుతుందనీ, ఈ మాత్ర దానికి ఆ తిండి అందనీయదనీ నువ్వు చెప్పిందంతా బస్సులో పక్క సీటాయనకు చెప్పినాను. ఏమప్పా, మీ పాప డాక్టరా అన్నాడు. మందుల కంపెనీలో పని, డాక్టర్లకే మందు చేసి ఇచ్చేది మా పాప అన్నాను. కొంచెం కోతలే, ఏమనుకోవద్దు.

మీ అమ్మకే ఆ సంతోషం లేదు. అహోబిలం పోదాం పదమంటే, ముందు ఇంగొక్క డబ్బా మాత్రలు తెప్పియ్యి అంటుంది. వద్దన్నాక ఎందుకే, రుచి మరిగినావా అని ఎగతాళి చేస్తే, నీకు తెల్దులే ఊరుకో అని కసిరింది. పళ్లు ఊడి వక్క మానేసి మూడేళ్లాయె, అడకత్తెరను మాత్రం ఎవరినీ తాకనీయదు. ఈ పొద్దున చూస్తే దాని అంచుకు తెల్లటి పొడి. ఇదేందని అడిగితే లాక్కుంది. ఇంత సంతోషంలో నాకు ఇదొక్కటే ముల్లు. నీతో ఏమైనా చెప్పిందా?

ఆదివారం రా తల్లీ, భక్ష్యాలు చేయిస్తా.

మీ నాన్న,
లక్ష్మన్న

తరువాత రాసినది: కవరు అంటించబోతుంటే మీ అమ్మ చేయి పట్టుకుంది. ఎదురింటి విశ్వాసమ్మకూ రెండేళ్ల కిందట రొమ్ములో గడ్డ కనబడిందంట. చూపించుకోవడానికి సిగ్గుపడి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుందంట. అదే గడ్డ కదా, అదే మాత్ర పనిచేస్తాదిలే అని మీ అమ్మ రోజూ మాత్రను అడకత్తెరతో కత్తిరించి సగం ఆమెకు ఇచ్చింది. ఇప్పుడు విశ్వాసమ్మ గడ్డ పుండై కారుతోంది. నాకు మాన్పి, విశ్వాసమ్మక్కనేమో ఇట్లా చేసినాడే దేవుడు అని మీ అమ్మ ఒకటే ఏడుపు.

రేపు తొలి బస్సుకు విశ్వాసమ్మను కర్నూలు తీసుకపోతాండా. డాక్టరమ్మ తిట్టినా సరే, ఏదీ దాచను. నువ్వు ఆ మందు చేసేదానివి. రెండేళ్లు సగమే మింగిన మీ అమ్మకు నిజంగా నయమైనట్టేనా? పైన క్షేమమని రాసిన మాట కొట్టేయడానికి కలం తీసినాను, చేయి రాలేదు. నీ జవాబు చూసినాక కొట్టేయాలో వద్దో తేల్చుకుంటా.