ముక్కు కుట్టించుకోని తేజశ్రీ

కీర్తిశేషులు చింతగుంట వీరాంజనేయులు గారి ఏకైక కుమార్తెనైన తేజశ్రీ అనే నేను, వయసు ఇరవై ఆరు, స్వగ్రామం వినుకొండ దగ్గర, ప్రస్తుత నివాసం గుంటూరు బ్రాడీపేటలోని మహిళల హాస్టలు, ఎవరి బలవంతమూ లేకుండా, తెలివిలో ఉండి, ప్రాణంతో కూడా ఉండి, నా చేతిరాతతో రాస్తున్న వీలునామా ఇది. ‘ప్రాణంతో’ అన్న మాట మామూలుగా ఎవరూ రాయరు. నేను రాయాల్సి వచ్చింది.

1. నేను మరణించినట్టు ధ్రువపత్రం ఉంది. కిందటి జనవరిలో కాలువలో ఒక స్త్రీ శవం దొరికింది. మా బాబాయి యలమంద గారు అది నేనేనని పోలీసులకు చెప్పారు. నాన్న పోయాక మిరప చేను నా పేరున పడింది. అది అమ్మడానికి సంతకం పెట్టమని ఆయన అంతకుముందు రోజూ ఫోను చేసేవారు. నేను ఎత్తలేదు. ఫోనులో ‘వద్దు’ అనడం నాకు చేతకాదు. పోయినదాని సంతకం ఎవరూ అడగరు.

2. ఈ సంగతేదీ తెలియక, నాయనమ్మను చూద్దామని ఊరెళ్ళాను. ఆ రోజు నా పెద్దకర్మ. బస్సు దిగేచోట నా పేరుతో అశ్రునివాళి ఫ్లెక్సీ కట్టి ఉంది. ముఖం మాత్రం నాతో కాన్వెంటులో చదివిన రెబ్కాది. మా గ్రూపు ఫొటోలో నేను ఎప్పటిలాగే తల వంచుకుని రెబ్కా వెనక ఉన్నాను. బాబాయి ముందున్న అమ్మాయిని పెద్దది చేయించారు. చిన్నప్పటి నుంచీ హాస్టళ్ళలోనే ఉన్నదాన్ని, ఊళ్ళో నా ముఖం ఎవరికీ సరిగా తెలియదు. టెంటు కింద ఎవరో నాకు విస్తరి వేశారు. “కూర్చో అమ్మాయ్, పోయినామెకి స్నేహితురాలివా?” అన్నారు. “అవునండి” అన్నాను. అంతమంది మధ్యలో లేచి, పోయింది నేనేనని చెప్పడానికి సిగ్గేసింది. తిన్నాను. నా చావులో నా పాత్ర అంతవరకే.

3. జనం పలచబడ్డాక చెప్పాను. నాయనమ్మ హనుమాయమ్మ నా చెయ్యి తడిమి, “ఇది మా తేజే. ఒరేయ్ యలమందా, ఎవర్ని తగలబెట్టావురా?” అంది. “అమ్మకి కళ్ళు ఆనవండీ” అన్నారు బాబాయి. స్టేషన్‌లో నేను జరిగిందంతా చెబితే, “చూశారా, మా తేజ ఇంత మాట్లాడదండీ. ఇదెవరో మాటకారి” అన్నారు. అందులో నిజముంది. చనిపోకముందు నేను ఇంతగా మాట్లాడలేదు. రెబ్కా వచ్చి ఫ్లెక్సీలో ఉన్నది తనేనని చెబితే, కానిస్టేబులు చాలాసేపు ఆలోచించి, “అయితే పోయింది నువ్వా?” అని అడిగాడు.

4. శవ పంచనామాలో ఎడమ ముక్కుకు ఎర్రరాయి ముక్కుపుడక ఉన్నట్టు రాశారు. మెడ చుట్టూ కమిలిన గుర్తు ఉన్నట్టు కూడా రాశారు. నాకు ముక్కు కుట్టించలేదు. చిన్నప్పుడు నాయనమ్మ కంసాలి దగ్గర కూర్చోబెడితే పారిపోయి వచ్చాను. “హాస్టల్లో కుట్టించుకుందండీ” అన్నారు బాబాయి. నా ముక్కు చూడమన్నాను. “పూడిపోయుంటుంది” అన్నారు. బాబాయి హంతకుడని నేను అనను. ఆయనకు ఒక శవం కావలసి వచ్చింది, దొరికింది. కాలువలో పడి పోయిందని పోలీసులు ఫైలు మూసేశారు. నేను చనిపోయి ఉన్నంతకాలం ఆమె ఎవరో, ఆమె మెడ ఎవరు నులిమారో ఎవరూ వెతకరు. ఈ వీలునామా అందుకే.

5. నా తదనంతరం మిరప చేను కౌలుకిచ్చి, వచ్చిన దానిలో ముందు నాయనమ్మ తిండికీ మందులకీ ఇవ్వాలి. మిగిలినది ఆ స్త్రీ ఎవరో కనుక్కోవడానికి ఖర్చు పెట్టాలి. తెలిసిన రోజున చేను ఆమె పిల్లలకు, లేకపోతే ఆమె కన్నవాళ్ళకు చెందుతుంది. ఇదంతా జరిపించే బాధ్యత మా హాస్టలు వార్డెన్ జైతున్‌బీ గారిది. నేను రాయడానికి వెనకాడితే, “చచ్చినదానివి, నీకింకా భయమేందమ్మా? రాయి” అన్నది ఆవిడే.

6. నాయనమ్మకు నా నీలం మంగళగిరి చీర. అంచు తడిమితే గుర్తుపడుతుంది. ఏటా మొదటి కోతలో పండుమిరపకాయలు పచ్చడికి ఆమెకే చేరాలి. తొడిమలు ఆమే తీస్తుంది, ఎవరూ సాయం పట్టకూడదు, తిడుతుంది.

7. రెబ్కాకు నా పుస్తకాలన్నీ. వాటిలో కొన్ని తనవే.

8. బాబాయికి ఆ ఫ్లెక్సీ. మంచి మందం ఉంది. కళ్ళంలో మిరపకాయలు ఆరబోసినప్పుడు వాన వస్తే కప్పుకోవచ్చు.

9. శవంతో పాటు పోలీసుల దగ్గర బాబాయి సంతకం పెట్టి తీసుకున్న ముక్కుపుడక నాది కాదు కాబట్టి నేను ఎవరికీ రాయలేను. దాన్ని ఆయన దగ్గర నుంచి రాబట్టాలి. అది ఏ వైపు పెట్టుకునేదో తెలిసిన మనిషి ఎక్కడో ఉంటుంది.

10. నేను హఠాత్తుగా పోతే ఇవి గుర్తుంచుకోవాలి. నాకు కాలువ గట్టున నడిచే అలవాటు లేదు. పురుగుమందు డబ్బా నేనెప్పుడూ ముట్టలేదు. ఈ వీలునామా చెల్లదని బాబాయి కోర్టుకు వెళ్తే నా మరణ ధ్రువపత్రం చూపించాలి. పాతది చూపిస్తే ఇప్పుడు పోయిందెవరో చెప్పాలి. కొత్తది చూపిస్తే అప్పుడు కాలింది ఎవరో చెప్పాలి. ఏది చూపించినా ఆమె ఫైలు తెరవక తప్పదు.

11. వీలునామా బతికున్నవాళ్ళే రాయగలరు. అందుకని రేపు దీన్ని నేనే స్వయంగా రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తీసుకెళ్తున్నాను. తీసుకుంటే నేను బతికున్నట్టే. తీసుకోకపోతే, నేను చనిపోయానని రాసి, సంతకం పెట్టి, నా చేతికే ఇమ్మంటాను. ఇచ్చేవరకు కౌంటరు ముందు నిలబడతాను. తల వంచుకోను.

గుంటూరు, 14 జూలై 2025.

(సంతకం) చింతగుంట తేజశ్రీ

సాక్షులు:

జైతున్‌బీ, వార్డెన్. నా ఎదుటే సంతకం చేసింది. రోజూ మా హాస్టల్లో అన్నం తింటోంది.

రెబ్కా. ఫ్లెక్సీలో ఉన్నది నా ముఖం. నేనూ బతికే ఉన్నాను.