దీవెన నొక్కింది సరైన చోటే

ప్రిన్సిపాల్ మేడమ్ గారికి,

మీ దగ్గర బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్న దీవెనకు నేను మేనమామను. తప్పు నాది, పిల్లది కాదు.

మొన్న సెలవులకు వచ్చి నాకు బీపీ చూస్తానంది. పట్టీ బిగించగానే నేను సరదాకి కళ్లు తేలేసి మంచం మీద ఒరిగిపోయాను. ఏడుస్తుందనుకున్నాను. అది నన్ను కిందికి లాగి, రెండు చేతులతో గుండె మీద దబదబా నొక్కింది. ఎడమవైపు పక్కటెముక పటుక్కుమంది. ఆపమనడానికి నాకు ఊపిరందలేదు.

"మావని సంపీబోయినాను, ఇంక కాలేజీకి ఎల్లను" అని కూర్చుంది. సోమవారంలోగా పరీక్ష ఫీజు కట్టకపోతే ఏడాది పోతుందట.

విజయనగరంలో డాక్టరుగారు, "సరైన చోటే నొక్కింది. నిజంగా గుండె ఆగుంటే బతికేవాడివి" అన్నారు. అదే చెబితే, "డాక్టర్ని కూడా నీ ఎగతాళిలో కలిపీసినావేటి మావా?" అంటోంది. నా మాట ఈ ఊళ్లో ఎవరూ నమ్మరు, మేడమ్. మీరే ఫోన్ చేసి రమ్మనండి.

ఎక్స్‌రే జత చేశాను. అనుమానముంటే దీవెన చేత మీ ఎదుటే మళ్లీ నొక్కించండి. కుడివైపు ఎముకలు బాగానే ఉన్నాయి.

ఇట్లు,
దీవెన మావ