నీడ పడని గది

మార్దిన్, టర్కీ
డిసెంబరు 3

జలాలుద్దీన్ చిచ్చాకు ఫరా సలాములు.

ఫోన్‌లో మీకు వినబడదు, నాకు ఉర్దూ రాయడం రాదు. అందుకే ఈ తెలుగు ఉత్తరం. చెల్లి అల్ఫియాతో చదివించుకోండి.

పాత కట్టడాల చదువుకని వచ్చిన ఈ ఊరు కొండకు అతికించినట్టుంటుంది. అంతా తేనెరంగు రాయి, చెక్కిన మీనార్లు. కింది ఇంటి కప్పే పై ఇంటి వాకిలి. వందల ఏళ్లుగా ఏ ఇల్లూ పక్కింటి మీద నీడ పడనివ్వదట! నాగరికత అంటే ఇదీ అని కళ్లు తుడుచుకున్నాను.

అన్నట్టు, మన ఇంటి మీద నా ఆఫీసు గది ఎంతవరకు లేచింది?

మీ ఫరా

తా.క. సందులన్నీ మెట్లే. చెత్త మోసేది మున్సిపాలిటీ గాడిదలు.

వడ్డేపల్లి
డిసెంబరు 28

బిడ్డ ఫరాకు చిచ్చా దువా.

గది పని ఆగింది. పక్కింటి అంకయ్య ఒద్దంటుండు. మీద గది లేస్తే ఆయన వాకిట్ల ఎండ పోతదట, మిరపకాయలు బూజు పడతయట. ఆయనకు ఏడాది కష్టం అది. ఏం చెయ్యాల్నో తెల్వక పరేషాన్‌ల ఉన్న. ఆ ఊర్ల నీడ సంగతి జర మల్ల రాయి. బాగుంది.

చిచ్చా

తా.క. మన గల్లీ మాసయ్య అడుగుతుండు, గా గాడిదలకు పింఛనుందా?

మార్దిన్
జనవరి 16

చిచ్చాకు సలాములు.

నీడ సంగతి ఇక్కడి వారసత్వం. వడ్డేపల్లికి వర్తించదు. అంకయ్యకు సూర్యుణ్ణి ఎవరు రిజిస్ట్రేషన్ చేసిచ్చారు? ఆ మొండి మనిషికి మొహం మీదే చెప్పండి: మిరపకాయలు ఎక్కడైనా ఎండుతాయి, ఆర్కిటెక్టును ఎండబెట్టకూడదు. ఈ ఊరి మర్యాద చూస్తే ఆయన సిగ్గుతో చచ్చిపోయేవాడు.

దృఢనిశ్చయంతో,
ఫరా

తా.క. ముసలి గాడిదలను రిటైర్ చేసి మేపుతారట, మాసయ్యకు చెప్పండి. అల్ఫియా చేతిరాత ఎంత గుండ్రంగా మారింది! బహుమతి తెస్తాను.

వడ్డేపల్లి
మార్చి 1

ఫరా బిడ్డకు మొండి అంకయ్య ఆశీస్సులు.

అల్ఫియా గద్వాల హాస్టల్‌కు పోయి ఆర్నెల్లాయె. మీ చిచ్చాకు తెలుగు చదవరాదు. నీ ఉత్తరాలు చదివింది నేనే, జవాబులు రాసింది నేనే. ఆయనకు చెవుడు గదా, నేను మొండి మనిషినని గల్లీ అంత ఇనేటట్టు మూడుసార్లు ఒర్లిన. "మొహం మీదనే చెప్పమంది, నీ మొహానికి నువ్వే చెప్పుకుంటివి. ఇగ చాయ్ తాగు" అన్నడు మీ చిచ్చా.

గది మీద లేపలే. మీ పెరట్ల, మా గోడకు ఆనిచ్చి కిందనే కట్టినం. నీడ ఎవ్వరి మీద పడదు. మిరపకాయలు ఎక్కడైనా ఎండుతయంటివి గదా, నీ కప్పు మీదనే ఎండుతున్నయి. కోళ్లు తొక్కే బాధ గూడ లేదు. కింది కప్పే పై వాకిలి, నువ్వే రాస్తివి.

ఇట్లు,
నీ పై ఇంటాయన అంకయ్య

తా.క. గదిలకు పోతే తుమ్ములొస్తున్నయి, రుమాళ్లు ఎక్కువ తెచ్చుకో. చేతిరాత బహుమతి మర్వకు.