బావగారు చెప్పిన నొప్పి

అక్కకు,

ఆపరేషనయి ఇంటికొచ్చినా నేను చూడడానికి రాలేదని అమ్మ దగ్గర బాధపడ్డావట. షాపులో సెలవు ఇవ్వలేదని చెప్పించాను. అది అబద్ధం. నిన్ను చూస్తే కుళ్లుకుంటానని రాలేదు.

మనిద్దరిదీ ఒకటే కడుపునొప్పి, ఒకటే డాక్టరమ్మ. నెలనెలా బట్టల షాపు కౌంటరు పట్టుకుని మెలికలు తిరిగిపోతున్నానని మూడేళ్లుగా మొత్తుకుంటే, "ఆడవాళ్లకి ఇవన్నీ మామూలే. పెళ్లి చేసుకో, అదే సర్దుకుంటుంది" అంది నాతో. నీ పక్కన బావగారు నిలబడి, "పాపం, నిద్రే పోవట్లేదండీ" అన్నారో లేదో, వెంటనే స్కాన్ రాసేసిందట. నీ నొప్పికి సాక్షి ఉన్నాడు. అమ్మ ఆ మాట చెబుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ మంటతోనే మొన్న మళ్లీ వెళ్లాను.

"మా అక్కకి రాసిన స్కానే నాకూ రాయండి" అన్నాను.

"తనకి పెళ్లయిందమ్మా."

"నొప్పికి ఆ సంగతి తెలీదు కదండీ. రాసేదాకా ఈ కుర్చీలోంచి లేవను."

బయట వరసలో కూర్చున్న వాళ్లు తొంగిచూశారు. రాసింది.

స్కాన్‌లో తేలింది, అండాశయంలో గడ్డ ఉందట, నీకున్న దానికంటే పెద్దది. అది విని గెలిచినట్టు నవ్వాను, ఏం మనిషినో! బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

వచ్చే నెల ఆపరేషన్. తోడుగా అమ్మ వస్తే కంగారుపడుతుంది. బావగారొస్తే నా తరఫున కూడా మాట్లాడేస్తారు. నువ్వు కోలుకుంటే వచ్చి నా పక్కన కూర్చో. ఎంత నొప్పో నీకొక్కదానికే నేను చెప్పక్కర్లేదు.

నీ చెల్లి