అనుభవం ఉన్నవారే రావాలి

అమ్మకు,

నీ పెద్ద కూతురు రాస్తున్నది. ఇక్కడ నేనూ తమ్ముడూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, నువ్వు చూసుకుంటున్న పెద్దావిడా బాగున్నారనే అనుకుంటున్నాను. నీ ఉత్తరం అందింది. చదివి మడిచిపెట్టాను, ఒళ్లు మండి మళ్లీ తీసి చదివాను. కోపం తగ్గాక రాద్దామనుకుంటే అది తగ్గేలా లేదు. అందుకే ఇలాగే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ముందు నువ్వడిగిన చిన్నవాటికి జవాబులు. నా దగ్గు తగ్గింది. కారే కుళాయికి వాషరు నేనే మార్చాను. ఇంటి ఓనరమ్మ వచ్చి చూసి, ముందే మార్చి ఉండాల్సిందని నాకే సలహా ఇచ్చి వెళ్లింది. పక్కింటి పిల్లి మన వంటింటి కిటికీలో పిల్లల్ని పెట్టింది. తమ్ముడు వాటికి పాలు పోస్తున్నాడు. ఈ ఊళ్లో వాణ్ణి చూడగానే లేచి ఎదురొచ్చేవి అవే.

ఇక అసలు సంగతి. డిగ్రీ చేతికొచ్చి ఏడాది దాటినా ఇంట్లోనే ఉన్నాడంటే చిన్నోడికి ఒళ్లొంగడం లేదేమో అని రాశావు. ఆ ముక్క వాడికి చదివి వినిపించలేదు.

అమ్మా, వాడు నాకంటే ముందు లేస్తాడు. ఉన్న ఒక్క మంచి చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళతాడు, సాయంత్రం దాన్ని ఉతికి ఆరేస్తాడు. ఆ చొక్కా కాలరు అరిగిపోతే తిప్పి కుట్టించాను. ఒక ఆఫీసులో హాలు నిండా వీడిలాంటి వాళ్లేనట. ముందు కూర్చున్న అమ్మాయి అందరి కాగితాలూ నవ్వుతూ తీసుకుని బల్ల కింద అట్టపెట్టెలో వేసిందట. పెట్టె నిండితే పక్కనే ఇంకో పెట్టె. ఒకచోట ఇంత చదివి ఇంత చిన్న ఉద్యోగానికి ఎందుకొచ్చావన్నారు. ఆ మర్నాడే ఇంకోచోట ఈ చదువుతో ఇంత పెద్ద ఉద్యోగానికి ఎలా వచ్చావన్నారు. వాడు ఇంటికొచ్చి, "అక్కా, నా డిగ్రీ పొద్దునొక సైజు, సాయంత్రం ఒక సైజు ఉంటోంది" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత వాడు అన్నం సరిగ్గా తినలేదు.

కంప్యూటర్లో దరఖాస్తు పెడితే కుర్చీలోంచి లేచేలోపే కుదరదని జవాబు వస్తుంది. చదివింది మనిషి కాదని దాన్ని చూస్తేనే తెలుస్తుంది. ఇంకో కంపెనీవాళ్లు పరీక్ష అని చెప్పి వాళ్ల పాత బిల్లులన్నీ వీడితో సరిచేయించుకుని, చాలా బాగా చేశావని మెచ్చుకుని, మళ్లీ ఫోను ఎత్తలేదు. కాలేజీ సంగతి అడగనే అడగకు. లెక్కల చదువు చదివించారు గానీ నిజమైన కొట్టు లెక్క ఒక్కటీ వాడి ముందు పెట్టలేదు. నోట్సు చెప్పారు, రాసుకున్నాడు, పాసయ్యాడు. అందరూ చివరికి అడిగేది ఒక్కటే. ఇంతకుముందు ఎక్కడ చేశావు? ఎక్కడా చెయ్యలేదు కాబట్టే కదా వచ్చాడు!

మీ వీధిలో అపార్టుమెంటుకు కాపలా మనిషి కావాలనీ, నెలాఖరులోగా వాణ్ణి పంపమనీ రాశావు. ఆ కబురు మాత్రం చెప్పాను. కాపలా పనికి నేను వంక పెట్టను. పనిచేసుకు బతికేదాన్ని, నేనెలా పెడతాను? కానీ వాడు మారుమాట లేకుండా అటక మీంచి సంచి దించాడు. అదీ నా భయం. ఆ పని ఇష్టమై రావడం లేదు. తను దేనికీ పనికిరానని నమ్మి వస్తున్నాడు. అలా వస్తే ఇక ఆ మాట వాడి మనసులోంచి పోదు.

ఇంతసేపూ ఊరందర్నీ తిట్టాను కదా. ఇప్పుడు నా సంగతి చెబుతాను. ఎవరో చెబితే నువ్వు వినేకంటే నేనే చెప్పడం మంచిది.

మా కళ్లజోళ్ల దుకాణం వెనక గదిలో అద్దాలు సానపట్టేది నేనొక్కదాన్నే మిగిలానని రాశాను గుర్తుందా? నాకంటే ముందు నుంచీ ఆ గదిలో సానపట్టిన తాత మానేశాక ఇద్దరి పని నా ఒక్కదాని మీదే పడింది. ఓనరు చివరికి, సరే, ఒక మనిషిని పెట్టుకో, ఎవరన్నది నువ్వే చూసుకో అన్నాడు. నేను అట్ట మీద రాసి ముందు తలుపుకు అంటించాను. సాన పనికి మనిషి కావాలి, అనుభవం ఉన్నవారే రావాలి అని. ఆ రెండో వాక్యం ఓనరు చెప్పలేదు, అమ్మా. నేనే రాశాను. నేర్పే తీరిక నాకెక్కడిది అనుకున్నాను.

ఒక అమ్మాయి వచ్చింది. సైన్సు డిగ్రీ చేసిందట. సాన మీంచి కళ్లెత్తకుండానే ఎక్కడ చేశావన్నాను. "ఎక్కడా చెయ్యలేదండీ, నేర్చుకుంటాను" అంది. "నేర్పడానికి ఇది బడి కాదమ్మా" అన్నాను. ఆ పిల్ల లేచి, కూర్చున్న కుర్చీని జాగ్రత్తగా దాని చోట పెట్టి, ముందు కౌంటరులో ఫోను నంబరు ఇచ్చి వెళ్లింది.

ఆ రోజే చిన్నోడు నాకు క్యారేజీ తెచ్చాడు. తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఇంటికొచ్చాక అడిగాడు.

"అక్కా, ఆ అట్ట మీద రాత నీదేనా?"

"నాదే. అయితే ఏంటి?"

"ఏం లేదులే. అలాంటివన్నీ ఎవరు రాస్తారా అనుకునేవాణ్ణి."

కోపంగా అనలేదు. అని, పిల్లి పిల్లలకు పాలు పొయ్యడానికి వెళ్లాడు. కోపంగా అని ఉంటే నేనూ నోరు పారేసుకుని తేలికపడేదాన్ని.

మర్నాడు పనిలో కూర్చుంటే కిటికీ వైపు చూడలేకపోయాను. ఆ కిటికీకి దారాలతో అద్దాలు వేలాడుతుంటాయి. మా గదిలో ఆనవాయితీ అది. కొత్తగా చేరినవాళ్లు పాడుచేసిన మొదటి అద్దాన్ని పారెయ్యరు. చిల్లు పెట్టి దారం కట్టి అక్కడ వేలాడదీస్తారు. పొద్దున ఎండ పడితే గోడంతా వెలుగు మరకలు. చిట్టచివరిది నాది. గుండ్రమూ కాదు, పలకా కాదు, కొరికి వదిలేసిన బిస్కెట్టులా ఉంటుంది. తాత నాకు నేర్పిందేమీ లేదు, నేనే చూసి చూసి నేర్చుకున్నాను. ఆయన చేసిందల్లా, నేను పాడుచేస్తుంటే ఊరుకోవడం. అదెంత పెద్ద పనో అప్పుడు తెలియలేదు. నా తర్వాత ఆ కిటికీకి ఒక్క అద్దమూ పడలేదు.

వెళ్లి అట్ట మీది ఆ రెండో వాక్యాన్ని నల్లగా కొట్టేశాను. ఓనరు గొణిగాడు. పగిలే అద్దాలు ఎవరి ఖాతాలో వెయ్యమంటావన్నాడు. నావి ఎవరి ఖాతాలో వేశారు సార్ అన్నాను. తాళంచెవులు ఆడించుకుంటూ వెళ్లిపోయాడు. ఒప్పుకున్నాడంటే ఆయన తీరు అంతే.

ఆ పని ముందు చిన్నోణ్ణే చేరమన్నాను. వాడు ఒప్పుకోలేదు. "నాకు లెక్కల పనే కావాలక్కా. నువ్వు ఆ అమ్మాయిని పిలు" అన్నాడు. పిలిచాను. వచ్చింది. మొదటి అద్దాన్నే ఎక్కువ అరగదీసింది. ఫ్రేములో పెడితే జారి బల్ల మీద పడింది. ఆ పిల్ల సంచి భుజాన వేసుకుంది, వెళ్లిపోమంటాననుకుని. నేను అద్దానికి చిల్లు పెట్టి, దారం ఎక్కించి, నువ్వే కట్టు అని చేతికిచ్చాను. నా బిస్కెట్టు పక్కన కట్టింది. నాదానికంటే అందంగానే ఉంది, ఆ మాట తనతో అనలేదు.

చిన్నోడు క్యారేజీ తెచ్చినప్పుడు కిటికీ కేసి చూశాడు. ఈ రోజు చొక్కా వేసుకుని, ఎవరూ పిలవకుండానే, మన వీధి చివర మేడ మీద కూర్చుని కొట్ల లెక్కలు రాసే ముసలాయన దగ్గరికి వెళ్లాడు. ఏం అడుగుతావురా అంటే, "నాకేమీ రాదని ముందే చెబుతాను, తప్పులు చూపించమని అడుగుతాను" అన్నాడు. ఇంకా రాలేదు. ఆయన ఒప్పుకుంటాడో మెట్లమీంచే పంపేస్తాడో తెలియదు. పంపేస్తే ఇంకో మేడ ఎక్కుతానన్నాడు. సంచి మాత్రం మళ్లీ అటక మీద పెట్టి వెళ్లాడు.

అందుకే అడుగుతున్నాను, కాపలా పనికి వాడి పేరు చెప్పకు. నువ్వు అక్కడ చేరిన కొత్తలో ఇస్త్రీ చేస్తూ పెద్దావిడ దుప్పటి కాల్చేశావని, భయపడుతూ తీసుకెళ్లి చూపిస్తే, ఆవిడ ఇంకో దుప్పటి ఇచ్చి ఈసారి కాస్త నీళ్లు చల్లుకోమందని రాశావు. అంతకుముందు ఎక్కడ చేశావని ఆవిడ నిన్ను అడగలేదు. ఆ రోజు అడిగి ఉంటే చిన్నోడికి డిగ్రీ లేదు, మనకు ఈ ఇల్లు లేదు. నీకు దొరికిన ఆ రెండో దుప్పటి వాడికీ ఎక్కడో ఒకచోట దొరకాలి. దొరికేదాకా ఆగమ్మా.

ఇట్లు,
నీ మీద కోపంతో మొదలుపెట్టి
నా మీద కోపంతో ముగిస్తున్న
నీ పెద్ద కూతురు